పేర్లు పిలిచిన మట్టయ్య

శాసనసభకు ఎన్నికైన తర్వాత కూడా కంచెపల్లి మట్టయ్యను జనం 'సాటింపు మట్టయ్య' అనే పిలిచేవారు. దానికి ఆయన చిన్నబుచ్చుకునేవాడు కాదు. కంచెపల్లి మిర్యాలగూడకూ సూర్యాపేటకూ నడుమ, మూసీ పారే వైపు ఉన్న చిన్న ఊరు. ఆ ఊళ్ళో డప్పు కొట్టి దొర మాట నలుగురికీ చాటే పని ఆ ఇంటివాళ్ళకు తాతల నాటి నుంచి వచ్చిన వెట్టి. తండ్రి ముత్తయ్య మిషను పాదిరి దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. ప్రభువును నమ్మినవాడివి, ఇక డప్పు మానెయ్యమని పాదిరి అంటే, "నేనైతే మానేస్త అయ్యగారూ, దొరను మీరు ఒప్పియ్యుండ్రి" అన్నాడట ముత్తయ్య. పాదిరి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తండ్రి పోయాక డప్పు మట్టయ్య భుజానికెక్కింది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మామూలుగా మాట్లాడితే పక్కవాడికి కూడా సరిగా వినపడదు. చాటింపుకు దిగితే మాత్రం ఎక్కడో గుట్టల కింద గొర్రెలు మేపుకుంటున్న ఐలన్న కూడా తల తిప్పి చూడాల్సిందే. అంత గొంతు ఆ బక్క శరీరంలో ఎక్కడ దాగుందో భార్య రూతమ్మకు కూడా అర్థమయ్యేది కాదు.

నలభై ఏడు చివర్లో, కోతలు అయిపోయిన రోజులు. ఢిల్లీలో జెండా మారిందని వినడమే గాని, కంచెపల్లిలో నిజాం రాజ్యమే నడుస్తున్నది. సర్కారుకు పొయ్యాల్సిన లెవీ వడ్లు రెండోసారి వసూలు చెయ్యాలని దొరకు బుద్ధి పుట్టింది. పొద్దున్నే మట్టయ్యను కోటలాంటి తన గడికి పిలిపించి, వడ్లు తెచ్చి పొయ్యనివాళ్ళ ఎడ్లను తోలుకుపోతామని చాటమన్నాడు.

మట్టయ్య పెద్ద బజారులో చాటాడు. చావడి ముందు చాటాడు. చివరికి తమ వాడకట్టుకు వచ్చేసరికి, జంగయ్య భార్య దుర్గమ్మ వాకిట్లో కూర్చుని వడ్లు చెరుగుతున్నది. ఆ చాటలో ఉన్నవే ఆ ఇంట్లో మిగిలిన వడ్లు. చాటింపు విని ఆమె లేచి నిలబడింది.

"మట్టన్నా, మొన్ననే పోసి వస్తిమి గదా! మళ్ళ యాడికెళ్ళి తేవాలె? నువ్వు సూస్తనే ఉన్నవు, నువ్వే జెప్పు."

మట్టయ్య అలవాటుగా మరోసారి డప్పు మీద దెబ్బ వేశాడు. అందరూ బయటికి వచ్చి నిలబడ్డారు.

"దొర చెప్పమన్న మాట చెప్పిన. అది అయిపోయింది" అన్నాడు గొంతు ఎత్తి. "ఇగ నా మాట ఇనుండ్రి! ఎవ్వరు వడ్లు పొయ్యకుండ్రి! ఉన్నకాడికి దాచుకోండ్రి! ఊరంత ఒక్కటైతె ఎవరి ఎడ్లని తోలుకపోతరు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మట్టయ్యకే తన నోట్లోంచి వచ్చిన మాట నమ్మశక్యం కాలేదు. ఊరందరికీ వినపడిందంటే గడికీ వినపడినట్టే కదా.

ఆ మధ్యాహ్నం గడి ముందు స్తంభానికి కట్టేసి చింతబరికెలతో కొట్టారు. డప్పును ఆయన ముందే పొయ్యిలో వేశారు. గుడిసె కప్పు పీకేశారు. కాని ఆ ఏడు కంచెపల్లిలో రెండోసారి లెవీ ఎవరూ పొయ్యలేదు. దొర మనుషులు ఎడ్ల కోసం వస్తే, ఐలన్న గొర్రెల కర్రతో వాడకట్టు మొదట్లో నిలబడ్డాడు. ఆయన వెనక ఊరు నిలబడింది.

ఊళ్ళో ఉంటే చంపేస్తారని రూతమ్మ భర్తను బండిలో పడుకోబెట్టుకుని మిర్యాలగూడ తీసుకుపోయింది. దెబ్బలు మానాక మట్టయ్య స్టేషను దగ్గర ఒక బియ్యం మిల్లులో హమాలీగా చేరాడు. రూతమ్మ అదే మిల్లులో బియ్యం చెరిగే పనికి కుదిరింది. పగలంతా మిల్లు మోత. గొంతుతో పని లేని బతుకు. "ఇదే నయం. ఎవని మాటలు మనం మొయ్యనక్కర లేదు, బస్తాలు మోస్తె చాలు" అనేవాడు మట్టయ్య.

మరుసటి ఏడు ఎండాకాలానికి రజాకార్లు ఊళ్ళ మీద పడటం మొదలైంది. లెవీ ఎగ్గొట్టిన ఊళ్ళ మీద దొరలకూ కసి ఉంది. తల్లికి జ్వరమని కబురు వస్తే రూతమ్మ కంచెపల్లి పోయింది. అదే వారం కంచెపల్లి తగలబడిందని మిల్లుకు వడ్లు తెచ్చిన బండివాళ్ళు చెప్పారు. మట్టయ్య మోస్తున్న బస్తాను అక్కడే దించేసి ఊరి దారి పట్టాడు.

ఊళ్ళో మనుషులు లేరు. సగం ఇళ్ళు మసి. నడవలేని ఒక ముసలాయన గోడ నీడన కూర్చుని ఉన్నాడు. "అందరు కోదాడ దిక్కు ఉరికిన్రు బిడ్డా. నీ అత్త తొవ్వలనే పోయిందట. రూతమ్మ సంగతి నాకు ఎరుక లేదు" అన్నాడు.

సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో మునగాల పరగణా ఉన్నది. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఆ కాసిని ఊళ్ళు ఇండియన్ యూనియన్ ఇలాకా. అక్కడికి చేరితే ప్రాణాలకు భయం లేదని చుట్టుపక్కల ఊళ్ళన్నీ అటే కదిలాయి. మట్టయ్య పోయేసరికి మామిడి తోటల కింద జనం, ఎక్కడ చూసినా జనమే. ముంతలు, మూటలు, మేకలు, పసిపిల్లల ఏడుపులు. ఏ ఊరివాళ్ళు ఏ చెట్టు కింద ఉన్నారో చెప్పేవాళ్ళు లేరు. పొద్దు వాలేదాకా చెట్టు చెట్టూ తిరిగాడు. రూతమ్మ కనపడలేదు.

తోట నడుమ గంజి కాస్తున్నారు. కోదాడలో మిల్లున్న షావుకారి భార్య స్వరాజ్యలక్ష్మి, ఇంటి నుంచి బియ్యం బండ్ల మీద వేయించుకుని వచ్చి, తానే దగ్గరుండి వండిస్తున్నది. మట్టయ్య వాలకం చూసి ఆమె పిలిచింది.

"ఏమయ్యా, పొద్దుటి నుంచి చూస్తున్నా, తిరుగుతానే ఉన్నావు. ఇంత గంజి తాగి తిరగకూడదా? ఎవరు తప్పిపోయారు?"

"నా ఇంటామె అమ్మా."

"ఇంత జనంలో తిరిగితే ఏం దొరుకుతుంది? గట్టిగా పిలువు."

మట్టయ్య చుట్టూ చూశాడు. గంజి అండాలు దించిన ఖాళీ బండి ఒకటి ఉంది. దాని మీదికెక్కాడు. గడి ముందు దెబ్బలు తిన్న తర్వాత ఆయన గొంతెత్తడం అదే మొదలు.

"రూతమ్మా! ఓ రూతమ్మా! కంచెపల్లి మట్టయ్య ఈడ ఉన్నడు! గంజి బండి కాడ ఉన్నడు!"

తోటంతా ఒక్కసారి ఇటు తిరిగింది. మళ్ళీ పిలిచాడు. ఇంకోసారి పిలిచేలోగా తోట అంచు నుంచి జనాన్ని తోసుకుంటూ రూతమ్మ వచ్చింది. చెప్పులు లేవు, చీర కొంగు కాలి ఉంది. బండి పట్టె పట్టుకుని, "ఇంటున్న, ఇంటున్న. ఇగ అరువకు, గొంతు పోతది" అని ఏడ్చేసింది.

ఆమె ఏడుపు ఇంకా ఆగనే లేదు, ఒక ముసలమ్మ వచ్చి మట్టయ్య చెయ్యి పట్టుకుంది. తన కొడుకును పిలవమన్నది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక మరొకరు. ఆ సాయంత్రం మట్టయ్య బండి దిగలేదు. మనిషి పేరు, ఊరి పేరు, ఎవరు ఎదురు చూస్తున్నారో వాళ్ళ పేరు చెప్పి పిలిచేవాడు. కొందరు పరుగెత్తుకుంటూ వచ్చేవారు. పిల్లలను ఎవరో చంకనేసుకుని తెచ్చేవారు. తల్లీ పిల్లలూ కలిసిన చోట చుట్టూ ఉన్నవాళ్ళంతా ఏడ్చేవారు.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం అదే పని. స్వరాజ్యలక్ష్మి తమ్ముడు రాధాకృష్ణ సూర్యాపేటలో బట్టల కొట్టు చూసుకునేవాడు, అక్కకు సాయంగా వచ్చి తోటలోనే ఉన్నాడు. మట్టయ్య గొంతు బొంగురుపోతే మిరియాల కషాయం కాచి ఇచ్చేవాడు. ఎప్పుడూ దొర మాటలు మోసిన గొంతు ఇప్పుడు తల్లుల మాటలు మోస్తున్నది. వానలు పడేనాటికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ గొంతు ఎరగనివాళ్ళు లేరు.

ఎంత పిలిచినా రానివాళ్ళూ ఉన్నారు. దుర్గమ్మ రోజూ వచ్చి, "జంగయ్యను ఇంకొక్కపారి పిలువు అన్నా" అనేది. మట్టయ్య పిలిచేవాడు. ఒక రోజు ఐలన్న తోటకు వచ్చాడు. మట్టయ్యను పక్కకు తీసుకుపోయి, "ఊరు తగలబడ్డ నాడే జంగన్న పోయిండు. కళ్ళం కాడ కాల్చిన్రు. నేనే పూడ్చిన" అన్నాడు.

దుర్గమ్మ అప్పుడే అటు వస్తున్నది. "ఇయ్యాల జర తొందరగ పిలువు అన్నా, మబ్బు పట్టింది" అన్నది. మట్టయ్య బండి ఎక్కలేదు. ఆమె ముందు నేల మీద కూర్చుండిపోయాడు. ఆయన నోరు తెరవకముందే ఆమెకు అర్థమైంది. రూతమ్మ వచ్చి దుర్గమ్మను ఒళ్ళోకి తీసుకుంది. ఆ రోజు బండి మీద నుంచి పిలుపు వినపడలేదు.

సెప్టెంబరులో యూనియన్ పటాలం వచ్చింది. నిజాం లొంగిపోయాడు. రజాకార్లు మాయమయ్యారు, వాళ్ళ వెంటే దొర కూడా ఊరు విడిచి పారిపోయాడు. జనం మూటలు ఎత్తుకుని ఊళ్ళకు మళ్ళారు. కంచెపల్లిలో మట్టయ్య గుడిసె మళ్ళీ వేసుకున్నాడు. దొర పారిపోయినప్పుడు బీడు పడిన భూములను, దొరల మీద పోరాడుతున్న సంఘం వాళ్ళు పంచారు. దుర్గమ్మకు కాస్త చెలక వచ్చింది, జొన్న వేసింది. ఆ జొన్న కంకి పట్టకముందే దొర తిరిగి వచ్చాడు. ఈసారి తలమీద తెల్ల ఖద్దరు టోపీ ఉంది, వెనక పటాలం ఉంది.

భూములు పంచినవాళ్ళను పట్టుకోవడానికి పటాలం ఊళ్ళ మీదికి వచ్చింది. ఆ పంపకంలో ముందు నిలిచిన ఐలన్న, ఆయనతో పాటు మరికొందరు గుట్టలెక్కారు. నలభై తొమ్మిది ఎండాకాలంలో ఒక అధికారి కంచెపల్లి జనాన్నంతా పొద్దున్నే కళ్ళానికి తోలించాడు. ఉత్తరాది మనిషి, హిందీ వచ్చు గాని తెలుగు రాదు. దుబాసీగా రాధాకృష్ణను వెంట తెచ్చుకున్నాడు. ఆ గొడవల్లో కొట్టు కాలిపోయి, బతుకుతెరువు కోసం రాధాకృష్ణ ఆ పనిలో చేరాడు.

అధికారి మట్టయ్యను ముందుకు పిలిచాడు. రాధాకృష్ణ తల వంచుకునే ఆ మాటలు తెలుగులో చెప్పాడు.

"మట్టయ్యా, నువ్వు పిలిస్తే ఎక్కడున్నవాళ్ళయినా వస్తరని ఈయనకు ఎవరో చెప్పిన్రు. గుట్టల్లో ఉన్నవాళ్ళను పేరు పేరునా పిలవమంటున్నడు. బయటికొస్తే మేం ఏమీ చెయ్యం అంటున్నడు."

"నిజంగ ఏం జెయ్యరా సారూ?" అని మట్టయ్య అడిగాడు.

పోయిన వారం పక్క ఊళ్ళో అట్లా నమ్మి దిగివచ్చినవాళ్ళు ఇళ్ళకు చేరలేదని మట్టయ్యకూ రాధాకృష్ణకూ తెలుసు. గుట్టలు దగ్గర్లోనే ఉన్నాయి. మట్టయ్య గొంతు అక్కడికి పోతుంది. పేరు పెట్టి పిలిస్తే, ఊళ్ళో ఏం ఆపద వచ్చిందోనని ఐలన్న దిగి వస్తాడు. పిలవకపోతే ఈ కళ్ళంలో ఉన్నవాళ్ళను ఏం చేస్తారో తెలియదు. సిపాయిలు తుపాకులు పట్టుకుని నిలబడే ఉన్నారు.

మట్టయ్య ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని గుట్టల వైపు చూశాడు. తర్వాత గొంతెత్తాడు.

"ఓ బాల్యా! తండా బాల్యా! ఎక్కడున్నవ్, రా!"

కళ్ళంలో ఉన్న జనం ఉలిక్కిపడ్డారు. బాల్యా చనిపోయి ఏడాది అయింది. రజాకార్లు ఊరి మీద పడినప్పుడు తండా ముందే నేలకొరిగాడు.

"ఓ ధర్మా! నీ కోసం చూస్తున్నరు, రా!"

ధర్మా కూడా ఆ రోజే పోయాడు. ఎవరూ తల ఎత్తలేదు. రాధాకృష్ణకు ఆ పేర్లు తెలుసు. మునగాల తోటలో నెలల తరబడి పిలిచినా రానివాళ్ళ పేర్లే అవి. అధికారి ఆయన వైపు తిరిగి ఏదో అడిగాడు. రాధాకృష్ణ అసలు సంగతి బయట పెట్టకుండా, వాళ్ళు ఇంకా రాలేదని మాత్రం హిందీలో చెప్పాడు.

మట్టయ్యకు తర్వాతి పేరు నోట్లోకి వచ్చి ఆగిపోయింది. దుర్గమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. ఆమె ఆయన వైపే చూసి, మెల్లగా తల ఊపింది.

"ఓ జంగయ్యా! కంచెపల్లి జంగయ్యా!"

అధికారి, ఆ మనిషి తాలూకు వాళ్ళెవరని అడిగించాడు. దుర్గమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది.

"నా పెనిమిటి సారూ. నేను గూడ ఆయన కోసమే సూస్తున్న. వస్తె మీకే జెప్త" అన్నది.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మట్టయ్య పిలుస్తూనే ఉన్నాడు. పోయినవాళ్ళందరి పేర్లూ పిలిచాడు. గుట్టల మీద ఆ పేర్లు విన్న ఐలన్నకు సంగతి తెలిసిపోయింది. వెంట ఉన్నవాళ్ళను తీసుకుని అవతలి వైపు దిగి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దొర గుమాస్తా గుర్రబ్బండిలో వచ్చి, జంగయ్య పేరు చెవిన పడగానే నవ్వాడు. చచ్చినోణ్ణి పిలిపిస్తున్నారేమిటని అధికారిని అడిగాడు.

మట్టయ్యను ఆ సాయంత్రమే లారీ ఎక్కించారు. దెబ్బలకు ఒక చెవి వినపడకుండా పోయింది. రాధాకృష్ణను పనిలోంచి తీసేశారు. ఆయన సూర్యాపేట పోయి, అప్పో సప్పో చేసి మళ్ళీ బట్టల కొట్టు పెట్టుకున్నాడు. మట్టయ్య జైల్లో ఉన్నన్నాళ్ళూ రూతమ్మకు చీర కొనే అవసరం రాలేదు.

జైల్లోనే మట్టయ్య అక్షరాలు నేర్చుకున్నాడు. యాభై ఒకటి చివర్లో విడుదలై వచ్చేసరికి దేశంలో ఎన్నికల మాట నడుస్తున్నది. వాళ్ళ దిక్కు ఒకే నియోజకవర్గంలో రెండు స్థానాలు, అందులో ఒకటి అంటరానివాళ్ళుగా చూసిన కులాలకు కేటాయించినది. సంఘం వాళ్ళు కంచెపల్లి వచ్చి ఆ రెండో దానికి, సర్కారు కాగితాల్లో ఇంకా హిందువుగానే ఉన్న మట్టయ్యను నిలబడమన్నారు.

"నాకేం తెలుసు? అసెంబ్లీల ఏం మాట్లాడాలె?" అని మట్టయ్య వెనక్కి తగ్గాడు.

రూతమ్మ పొయ్యి దగ్గర నుంచే అన్నది. "దొర ముంగట మాట్లాడినవు, పటాలం ముంగట మాట్లాడినవు. గాడ ఉండేటోళ్ళు గింతకన్న ఎక్కువనా?"

తీరా ప్రచారానికి బయలుదేరాక అసలు చిక్కు వచ్చింది. అందరి పేర్లూ పిలిచినవాడికి సొంత పేరు చెప్పుకోవాలంటే సిగ్గు. ఓటు వెయ్యమని అడగడానికి నోరు తిరిగేది కాదు. ఊళ్ళోకి పోయి, పోయినేడు పంట ఎట్లా ఉందని అడిగి, మంచినీళ్ళు తాగి వచ్చేవాడు. దుర్గమ్మకు విసుగొచ్చింది. ఆమే ముందు నడవడం మొదలుపెట్టింది. బజారు నడుమ నిలబడి, "మునగాల తోటల మీ పిల్లల్ని పిలిచిన గొంతు ఇదే. గుర్తు పట్టిన్రా? ఇగ ఓటు పెట్టె మీద బొమ్మ గుర్తు పెట్టుకోండ్రి" అనేది. కోదాడలో స్వరాజ్యలక్ష్మి తన బండి ఇచ్చి పంపింది. భర్త వేరే పార్టీ. "ఆయన ఓటు ఆయనది, బండి మా పుట్టింటిది" అన్నదట ఆమె.

మట్టయ్య గెలిచాడు. పెద్ద మెజారిటీ వచ్చిందని లెక్క తేలిన నాడు, ఇంట్లో ఉండలేక పొద్దుటే చేను దిక్కు పోయి కూర్చున్నాడు. పోరాటం ఆగాక గుట్టలు దిగి వచ్చిన ఐలన్న పోయి వెతికి తీసుకొచ్చాడు.

హైదరాబాదులో సభలో మొదటిసారి మాట్లాడటానికి లేచినప్పుడు ముందు మైకు ఉన్న సంగతి ఆయన పట్టించుకోలేదు. ఊళ్ళలో వెట్టి ఇంకా పోలేదని, చాటింపు మనిషి కూడా కూలికి హక్కున్న మనిషేనని అలవాటైన గొంతుతో చెప్పాడు. సభ్యులు చెవులు మూసుకున్నారు. కొంచెం మెల్లగా మాట్లాడవచ్చని అధ్యక్షస్థానం నుంచి నవ్వుతూ సూచన వచ్చింది. "మెల్లగ చెప్తె ఇన్నేండ్లు ఎవరు ఇన్నరు అయ్యా?" అని ఆయన కూర్చున్నాడు.

తర్వాత పెద్దగా ప్రసంగాలు చెయ్యలేదు. తాసీలు కచేరీకి భయపడే రైతులకు తోడు పోయేవాడు. జైళ్ళలో ఉండి కబురు లేనివాళ్ళ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. కొందరు దొరికారు. దుర్గమ్మ చెలక మీద దొర వేసిన దావా ఏళ్ళ పాటు నడిచి, చివరికి ఆమెకే దక్కింది. కంచెపల్లికి బడి మంజూరు చేయించాడు గాని, పంతులు వచ్చేసరికి తన పదవీకాలమే అయిపోయింది.

రెండో ఎన్నికల్లో ఓడిపోయాడు. పొత్తులు మారాయి, సంఘంలో చీలికలు వచ్చాయి. కొత్తగా ఓటు వచ్చినవాళ్ళు మునగాల తోట నాటికి చిన్నపిల్లలు. ఓడిన మనిషి ఇంట్లో కూర్చుని దిగులు పడతాడేమోనని రూతమ్మ భయపడింది. ఆయన వారం తిరక్కుండానే మిర్యాలగూడ బయలుదేరాడు. పాత మిల్లు షావుకారు గేటు దగ్గర ఆయనను చూసి తడబడ్డాడు.

"మీతోని బస్తాలెట్ల మోపియ్యాలె మట్టయ్యగారూ? నలుగురు ఏమనుకుంటరు?"

"మొయ్యనీకి రాలే సేటూ, ఆ వయసు పోయింది. హమాలోళ్ళు సంఘం పెట్టుకుంటున్నరు, పెద్దమనిషిగ ఉండుమని పిలిచిన్రు. మీతోని పని పడ్తదని ముందుగాల్నే కలిసి పోదామని వచ్చిన."

షావుకారికి నవ్వాలో భయపడాలో తెలియలేదు. కుర్చీ తెప్పించి వేయించాడు. చాయ్ తెప్పించాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మట్టయ్య, రూతమ్మ స్టేషను వెనక ఒక కిరాయి గదిలో ఉన్నారు. హమాలీల పిల్లల పెళ్ళిళ్ళకు పోయేవారు, దవాఖానలో ఉన్నవాళ్ళను చూసి వచ్చేవారు. చెవి వినపడక మట్టయ్య ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవాడు. రూతమ్మ కసిరేది. సందులో వాళ్ళకు మాత్రం ఆ ఇంట్లో రోజూ ఏం కూర వండారో తెలిసిపోయేది.